కడుపులో ఉన్నప్పుడు ఇచ్చిన హార్మోన్లు: ఇరవై ఏళ్ల తర్వాతి లెక్క

(నల్లగొండలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, నర్సింగ్ విద్యార్థినులు, మందుల షాపుల వాళ్లు కూర్చున్న సభలో ఒక స్త్రీవైద్య నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక్కి వినపడుతోందా? సరే.

కడుపుతో ఉన్న మనిషికి సూది వేసినా, గోలి ఇచ్చినా ఇంటివాళ్లు అడిగేది ఒకటే: "బిడ్డకేం కాదు గదా?" మనం చెప్పేదీ ఒకటే: "ఏం కాదు." అలా చెప్పేటప్పుడు మన లెక్క ఏమిటి? కాన్పప్పుడు బిడ్డ బరువు బాగుండాలి, ఏడవాలి, పాలు తాగాలి, అవయవాలన్నీ ఉండాలి. చాలా మందులకు ఈ లెక్క సరిపోతుంది. హార్మోన్లకు సరిపోదు. హార్మోన్ చేసిన నష్టం కాన్పు గదిలో కనపడకపోవచ్చు. ఆ ఆడపిల్ల పెద్దమనిషై, పెళ్లై, తనకు కడుపు నిలవక దవాఖానకు వచ్చినప్పుడు కనపడొచ్చు. అప్పటికి ఆ సూది ఏమిటో, ఎన్నో నెలలో వేశారో, ఎన్ని వేశారో చెప్పగలిగినవాళ్లు ఉండరు.

ఇంకో మాట ముందే చెప్తున్నా. ఇది విని పోయి థైరాయిడ్ గోలి వేసుకునే గర్భిణితో "అది హార్మోనంట, బంద్ చెయ్" అనకండి. అది ఆపితే జరిగే నష్టం వేరే. దాని సంగతి కూడా వస్తుంది.

ఈ పాఠం ప్రపంచానికి నేర్పిన మందు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్. నోరు తిరగదు కాబట్టి డి.ఇ.ఎస్. అందాం. 1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం దాన్ని బయటపెట్టింది. ఒంట్లో తయారయ్యే ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ చేసే పనే చేస్తుంది గానీ, నిర్మాణం చూస్తే అది స్టెరాయిడే కాదు. మింగితే పనిచేస్తుంది, తయారీ చవక, పైగా పేటెంట్ తీసుకోలేదు. ఇంకేం, చాలా కంపెనీలు తయారుచేశాయి. అమెరికాలో 1941లో ముట్లు ఆగే వయసు ఇబ్బందులకు అనుమతి వచ్చింది. 1947లో గర్భం నిలబెట్టడానికి కూడా ఇవ్వొచ్చన్నారు.

దాని వెనక బోస్టన్‌కు చెందిన జార్జ్ స్మిత్, ఆలివ్ స్మిత్ దంపతుల సిద్ధాంతం ఉంది. గర్భం పోయే ముందు హార్మోన్లు తగ్గుతున్నాయి, కాబట్టి బయటి నుంచి ఇస్తే గర్భం నిలుస్తుంది అన్నారు. వినడానికి బాగుంది. కానీ పిండం ఎదుగుదల ఆగిపోయినందుకే హార్మోన్ తగ్గుతోందా, హార్మోన్ తగ్గినందుకు పిండం పోతోందా అన్నది తేల్చకుండానే మోతాదు రాసేశారు. ఏడో వారంలో రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలు. రెండు వారాలకోసారి 5 పెంచాలి. 15వ వారం నుంచి వారం వారం 5 పెంచుకుంటూ 35వ వారానికి రోజుకు 125 మిల్లీగ్రాములు. కాగితం మీద కూడితే ఒక్క గర్భంలో 11 గ్రాములు దాటుతుంది.

1953లో చికాగో విశ్వవిద్యాలయంలో డీక్‌మన్ బృందం సరైన పరీక్ష చేసింది. 840 మందికి డి.ఇ.ఎస్., 806 మందికి అదే రకంగా కనపడే, మందు లేని ఉత్త గోలి. గర్భస్రావాలు తగ్గలేదు, నెలలు నిండని కాన్పులూ తగ్గలేదు. అదే లెక్కల్ని 1978లో మళ్లీ తిరగేస్తే, మందు తీసుకున్న వైపే నష్టం ఎక్కువగా ఉందని తేలింది. మరి 1953లోనే మందు ఆగిపోవాలి కదా? ఆగలేదు. ఇంకో 18 ఏళ్లు రాస్తూనే ఉన్నారు. ఎందుకంటే రక్తం కనపడిందని ఏడ్చుకుంటూ వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపడం ఏ డాక్టరుకైనా కష్టం. మందిచ్చాక కడుపు నిలిస్తే మందు గొప్ప, పోతే తలరాత. ఈ లెక్కలో మందు ఎప్పుడూ ఓడిపోదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన ఊళ్ల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పనికొస్తుంది.

తర్వాత బోస్టన్‌లోనే ఒక వింత కనపడింది. యోనిలో క్లియర్ సెల్ అడెనోకార్సినోమా అనే క్యాన్సరు. అప్పటిదాకా చాలా అరుదు, వచ్చినా పెద్ద వయసు ఆడవాళ్లకే. అలాంటిది 15 నుంచి 22 ఏళ్ల పిల్లలకు వస్తోంది. "నేను కడుపుతో ఉన్నప్పుడు వేసుకున్న గోలీల వల్లనా?" అని ఒక పిల్ల తల్లే డాక్టరును అడిగింది. హెర్బ్‌స్ట్, ఉల్‌ఫెల్డర్, పాస్కాంజర్ అనే ముగ్గురు కలిసి 8 మంది రోగుల తల్లుల్ని, పోల్చి చూడటానికి 32 మంది ఇతర తల్లుల్ని అడిగారు. రోగుల తల్లుల్లో 8 మందికి 7గురు డి.ఇ.ఎస్. తీసుకున్నారు. అటువైపు 32 మందిలో ఒక్కరు కూడా లేరు. ఈ వ్యాసం 1971 ఏప్రిల్‌లో అచ్చయింది. అదే ఏడాది నవంబరులో గర్భిణులకు ఇవ్వొద్దని అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ చెప్పింది. ఫ్రాన్స్‌లో 1977 దాకా ఇచ్చారు.

ఆ తల్లికి గోలి పేరు గుర్తుండటం వల్ల విషయం బయటపడింది. లేకపోతే ఇంకా ఎన్నేళ్లు పట్టేదో.

క్యాన్సరు వచ్చింది వెయ్యి మంది కూతుళ్లలో సుమారు ఒకరికి. అదొక్కటే అయితే పెద్ద సంఖ్య కాదు. అసలు భారం మిగతా 999 మంది మీద పడింది. 2011లో అచ్చయిన పెద్ద లెక్క ఒకటి చెప్తా, రాసుకునేవాళ్లు రాసుకోండి. డి.ఇ.ఎస్. కడుపున పెరిగిన ఆడవాళ్లలో పిల్లలు కలగకపోవడం 33 శాతం, మామూలు వాళ్లలో 15 శాతం. నెలలు నిండకముందే కాన్పు 53 శాతం, అటువైపు 18. గర్భం ట్యూబులో నిలవడం దాదాపు 15 శాతం, అటువైపు 3. నాలుగైదు నెలలప్పుడు కడుపు పోవడం 16 శాతం, అటువైపు రెండు కూడా లేదు. నలభై దాటాక రొమ్ము క్యాన్సరు, 45 నిండకముందే ముట్లు ఆగడం కూడా ఎక్కువే. తల్లి గర్భం నిలవాలని మింగిన గోలి కూతురి గర్భాన్ని నిలవకుండా చేసింది. కొడుకులకు వృషణాలు కిందికి దిగకపోవడం, వృషణం వెనక ఉండే ఎపిడిడిమిస్ అనే గొట్టంలో నీటి తిత్తులు ఎక్కువయ్యాయి. గోలీలు మింగిన తల్లులకు కూడా రొమ్ము క్యాన్సరు ముప్పు మూడో వంతు దాకా పెరిగింది.

ఎలా జరిగింది? పిండంలో ముల్లేరియన్ నాళాలని రెండు సన్న గొట్టాలుంటాయి. అవి కలిసి గర్భసంచి, ట్యూబులు, యోని పైభాగం అవుతాయి. ఎక్కడ గర్భసంచి కావాలి, ఎక్కడ ట్యూబు కావాలి అని చెప్పే జన్యువులు ఉంటాయి. హాక్స్ జన్యువులు అంటారు. డి.ఇ.ఎస్. వాటి వరుసను తారుమారు చేస్తుంది. అందుకే ఎక్స్‌రే తీస్తే కొందరి గర్భసంచి త్రికోణంగా కాకుండా ఇంగ్లీషు 'టి' అక్షరంలా, ఇరుగ్గా కనపడుతుంది. యోనిలో ఉండాల్సిన పొర స్థానంలో గ్రంథుల పొర మిగిలిపోతుంది. దాన్నే అడెనోసిస్ అంటారు. పుట్టపాకలో చీర నేసే ముందు రంగుల కోసం దారాలకు ముడులు వేసే, అంటే చిటికి కట్టేవాళ్లను అడగండి, దారానికి ముడి ఒక గీత పక్కకు పడితే రంగులో ముంచినప్పుడు తెలియదు, మగ్గం మీద నేస్తున్నప్పుడు పువ్వు చెదిరి కనపడుతుంది. ఇదీ అంతే. ముడి పడేది 18 వారాల లోపు, అందులోనూ ముఖ్యంగా మొదటి 12 వారాల్లో. క్యాన్సరు ముప్పు ఎక్కువ ఉన్నదీ అప్పుడు మందు తగిలిన పిల్లలకే. ఆ తర్వాత మొదలుపెట్టిన వాళ్లలో ఈ మార్పులు బాగా తక్కువ.

నర్సింగ్ పిల్లలు ఒకటి అడగాలి నన్ను. గర్భిణి ఒంట్లో మామూలుగానే ఈస్ట్రోజెన్ ఎంతో ఉంటుంది కదా, దానితో బిడ్డకు కాని హాని దీనితో ఎందుకు? సహజ ఈస్ట్రోజెన్‌లో ఎక్కువ భాగాన్ని రక్తంలోని ప్రోటీన్లు పట్టి ఉంచుతాయి, మాయ కూడా కొంత విరిచేస్తుంది. డి.ఇ.ఎస్. ఆ ప్రోటీన్‌కు సరిగా అతుక్కోదు. విడిగా తిరుగుతూ మాయ దాటి పోతుంది. 'కృత్రిమం' అన్న మాటకు వైద్యంలో అసలు అర్థం ఇదే. ఫ్యాక్టరీలో చేశారా, ఒంట్లో తయారైందా అన్నది కాదు ముఖ్యం. ఒంట్లో ఉన్న కాపలా దాన్ని గుర్తుపడుతుందా లేదా అన్నది ముఖ్యం.

ఇగ మన దగ్గరికి వద్దాం. డి.ఇ.ఎస్. ఇప్పుడు ఎవరూ గర్భిణికి ఇవ్వరు. కానీ "కడుపు నిలవడానికి సూది" మాత్రం మిర్యాలగూడలో ఉంది, దేవరకొండలో ఉంది, అచ్చంపేటలో ఉంది. వారానికోసారి వేసే నూనె సూది. పేరు హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ కాప్రొయేట్, 250 లేదా 500 మిల్లీగ్రాములు. షాపు వాళ్లు బ్రాండు పేరుతో ప్రొలూటాన్ అంటారు. దీన్ని రెండు పనులకు వాడుతున్నారు. ఒకటి, మొదటి మూడు నెలల్లో రక్తం కనపడితే. రెండు, ముందు కాన్పు నెలలు నిండకుండా అయితే ఈసారి కాకుండా, 16 నుంచి 36 వారాల దాకా.

రెండో పనికి 2003లో ఒక మంచి పరీక్ష వచ్చింది, ఆ నమ్మకంతో అమెరికాలో 2011లో అనుమతిచ్చారు. షరతు ఏమిటంటే ఇంకో పెద్ద పరీక్ష చేసి చూపించాలి. చేశారు. 35 వారాల ముందు కాన్పులు సూది వైపు 11.0 శాతం, ఉత్త సూది వైపు 11.5 శాతం. తేడా లేనట్టే. 2023 ఏప్రిల్‌లో అనుమతి వెనక్కి తీసుకున్నారు. 2024లో యూరప్‌లో కూడా ఆపమన్నారు. యూరప్ ఆపమనడానికి ఇంకో కారణం ఉంది. కాలిఫోర్నియాలో 1960ల నాటి గర్భిణుల రికార్డులు, వాళ్ల పిల్లల క్యాన్సరు రికార్డులు కలిపి చూసినప్పుడు, కడుపులో ఉండగా ఈ సూది తగిలిన పిల్లల్లో పెద్దయ్యాక క్యాన్సరు సుమారు రెండింతలు కనపడింది. అందులో సూది తగిలినవాళ్లు రెండు వందల చిల్లర మందే. తక్కువ సంఖ్య. ఇది డి.ఇ.ఎస్. అంత గట్టి సాక్ష్యం కాదు, నేను అలా చెప్పను. కానీ లాభం లేదని తేలిన మందుకు చిన్న అనుమానం చాలు, పక్కన పెట్టడానికి. నూనెలో ఉన్న మందు కాబట్టి సూది వేశాక వారం రెండు వారాలకు గానీ ఒంట్లో సగం తగ్గదు. వేశాక తీయలేం.

మొదటి మూడు నెలల్లో రక్తం కనపడితే ఏం చేయాలి మరి? ముందు స్కానింగ్. పిండం గుండె కొట్టుకుంటోందా, గర్భం సంచిలోనే ఉందా, ట్యూబులో ఉందా. ట్యూబులో గర్భం ఉన్న మనిషికి నూనె సూది వేసి పంపితే ప్రాణం మీదికి వస్తుంది. సూదిలో విషం ఉండి కాదు, "మందు పడింది గదా" అని ఇంట్లో కూర్చుంటారు కాబట్టి. గుండె కొట్టుకోకపోతే ఏ హార్మోన్ కూడా దాన్ని నిలబెట్టదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి సగం క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. అక్కడ బరువులు మోసిందా, బొప్పాయి తిన్నదా అని కోడలిని నిలదీయడం అన్యాయం.

గుండె కొట్టుకుంటోంది, రక్తం కనపడింది, ఇంతకుముందు కూడా కడుపు పోయింది, అప్పుడు ప్రొజెస్టిరోన్‌కు చోటుంది. గర్భాన్ని నిలిపే, ఒంట్లో ఉండే హార్మోన్ ప్రొజెస్టిరోనే, అట్ట మీద మైక్రోనైజ్డ్ (సన్నగా పొడి చేసినది) అని రాసి ఉంటుంది. యోనిలో పెట్టుకునేది, 400 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 16 వారాలు నిండేదాకా. 2019లో అచ్చయిన బ్రిటన్ పరీక్షలో 4 వేల పైచిలుకు ఆడవాళ్లు ఉన్నారు. అందరినీ కలిపి చూస్తే బతికిన బిడ్డలు 75 శాతం, ఉత్త మందు వైపు 72. తేడా తేలలేదు. కానీ మూడు లేదా అంతకంటే ఎక్కువ సార్లు కడుపు పోయినవాళ్లలో మందు వైపు 72, ఉత్త మందు వైపు 57. వాళ్లకు లాభం కనపడింది. మొదటిసారి గర్భం, చుక్క రక్తం కూడా లేదు, "దేనికైనా మంచిది" అని ఇస్తే దానికి ఏ ఆధారమూ లేదు. స్కానింగ్‌లో గర్భసంచి మూతి పొడవు 25 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే రాత్రిపూట 200 మిల్లీగ్రాములు యోనిలో పెట్టుకోమంటారు. అది కూడా ఆధారం ఉన్నదే. వీటిలో కొంతమంది పిల్లల్ని రెండేళ్ల దాకా చూశారు, తేడా లేదు. రెండేళ్లంటే ఇరవై ఏళ్లు కాదు. కాబట్టి అవసరం ఉన్నవాళ్లకే, రాసిన వారాల వరకే.

మోతాదు విషయంలో జరిగే తప్పు ఒకటి. 200 మిల్లీగ్రాముల క్యాప్సూల్ మింగమని రాస్తే మింగాలి, లోపల పెట్టుకోమని రాస్తే పెట్టుకోవాలి. షాపులో ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పరు. సిగ్గుపడి చాలామంది మింగేస్తారు, మింగితే కాలేయంలో చాలావరకు విరిగిపోతుంది, తల తిరిగి పడిపోతారు. షాపు అన్నలూ, చీటీ మీద ఒక్క ముక్క తెలుగులో రాసివ్వండి.

ముట్టు వాయిదా గోలీల గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా, ఎందుకంటే అవి చీటీ లేకుండా అమ్ముడుపోతాయి. పెళ్లి ఉంది, బోనాలు ఉన్నాయి, యాదగిరిగుట్ట పోవాలి, కురుమూర్తి జాతర పోవాలి. నారెథిస్టిరోన్ 5 మిల్లీగ్రాములు, రోజుకు మూడు, ముట్టు వచ్చే తేదీకి మూడు రోజుల ముందు నుంచి. ఆపిన రెండు మూడు రోజులకు ముట్టు వస్తుంది. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కొత్తగా పెళ్లైన అమ్మాయి అప్పటికే గర్భవతి అయి ఉండొచ్చు. ముట్టు తేదీకి మూడు రోజుల ముందు మూత్ర పరీక్ష చేస్తే గర్భం ఉన్నా లేదనే రావొచ్చు. గోలీలు మొదలుపెడుతుంది. తేదీ దాటుతుంది, "గోలీల వల్ల ఆగింది" అనుకుంటుంది. పండుగ అయిపోతుంది, గోలీలు ఆపుతుంది, ముట్టు రాదు. "వేడి చేసింది" అంటారు, ముట్టు రావడానికి ఇంకో గోలి ఇస్తారు. అది కూడా హార్మోనే. ఇలా రెండు నెలలు దాటిపోతాయి.

నారెథిస్టిరోన్‌కు కొంచెం మగ హార్మోన్ గుణం ఉంది. 1950ల చివర్లో, 60లలో అమెరికాలో లాసన్ విల్కిన్స్ అనే డాక్టరు, తల్లులకు ఈ జాతి మందులు గర్భం నిలబెట్టడానికి వారాల తరబడి ఇచ్చినప్పుడు కొందరు ఆడపిల్లలు మగ లక్షణాలున్న జననాంగాలతో పుట్టారని చూపించారు. బయటి అంగాలు రూపు దిద్దుకునేది సుమారు 8 నుంచి 14 వారాల మధ్య, ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి లెక్కపెడితే. కాబట్టి పండుగకు పది రోజులు వేసుకున్నది నాలుగైదు వారాల దగ్గరే ఆగిపోయి ఉంటే భయపడాల్సింది లేదు. ఆ భయంతో కడుపు తీయించుకోవద్దు. ఈ మాట ప్రతి ఊళ్లో చెప్పండి. గోలీలు ఆపి వారం దాటినా ముట్టు రాకపోతే మాత్రం ఇంకే గోలీ ఇవ్వొద్దు. గర్భం ఉందో లేదో చూసే నిశ్చయ్ కిట్ తీయాలి. పొద్దున మొదటి మూత్రం, రెండు చుక్కలు, ఐదు నిమిషాలు. ఒక గీతే వచ్చినా వారం తర్వాత మళ్లీ చేయాలి.

"గోలి వేసి చూద్దాం, ముట్టు వస్తే గర్భం లేనట్టు" అన్న పద్ధతి కూడా ఒకప్పుడు ఉండేది, వయసైన అక్కలకు తెలుసు. బ్రిటన్‌లో ప్రైమడాస్ అని రెండు గోలీలు, నారెథిస్టిరోన్, ఇథినైల్ ఈస్ట్రడయాల్ కలిపినవి. 1967లోనే ఇసబెల్ గాల్ అనే డాక్టరమ్మ అనుమానం లేవనెత్తింది. 1978 దాకా అమ్మారు. బిడ్డలకు వచ్చిన లోపాలకు అవే కారణమా అన్న వాదన అక్కడ ఇంకా నడుస్తోంది. 2017లో ఒక కమిటీ సాక్ష్యం చాలదంది. 2020లో ఇంకో కమిటీ 1967లోనే ఆపాల్సిందంది. నా దృష్టిలో రెండో మాటే వైద్యానికి పనికొచ్చేది. మూత్ర పరీక్ష ఉండగా గర్భిణి ఒంట్లోకి మందు పంపి గర్భం ఉందో లేదో చూడటానికి ఏ సమర్థన ఉంది? మన దేశంలో ఎక్కువ మోతాదు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ కలిపిన మందుల్ని ఆడవాళ్ల సంఘాలు, డాక్టర్లు ఏళ్ల తరబడి పోరాడాక 1980ల చివర్లో నిషేధించారు. ఆ నిషేధానికి ముందు వాటిని గర్భం తీయడానికి కూడా మింగేవారు. గర్భం పోయేది కాదు, బిడ్డకు మందు మాత్రం తగిలేది.

కడుపు రాకుండా వేసుకునే మాల-ఎన్ గోలీలు వాడుతూనే గర్భం వస్తే? మోతాదు చాలా చిన్నది, 0.03 మిల్లీగ్రాముల ఈస్ట్రోజెన్. డెన్మార్క్‌లో 8 లక్షల 80 వేల కాన్పులు చూశారు, పుట్టుక లోపాలు పెరగలేదు. గోలీలు ఆపి గర్భిణిగా నమోదు చేయండి, అంతే. 72 గంటల గోలి వేసుకున్నా గర్భం వచ్చినవాళ్లకూ అదే మాట.

కొడుకు పుట్టే మందు గురించి ఒక్క నిమిషం. ఆకు పసరు, పొడి, ఉండ, ఏ రూపంలో వచ్చినా సరే. హర్యానాలో అలాంటి మందుల్ని ప్రయోగశాలలో పరీక్షిస్తే కొన్నింటిలో మొక్కల ఈస్ట్రోజెన్లు, కొన్నింటిలో టెస్టోస్టిరోన్ దొరికాయి. వాటిని ఇచ్చేది సరిగ్గా రెండో నెల, మూడో నెల. అంటే అంగాలు ముడి పడే వారాల్లోనే. ఆడా మగా అన్నది కడుపు పడ్డ రోజే అయిపోయింది. ఇక ఆ మందు చేయగలిగింది ఆడపిల్ల అంగాల్ని చెడగొట్టడం ఒక్కటే.

ఇప్పుడు డెక్సామెథసోన్. ఇది కూడా కృత్రిమ హార్మోనే, స్టెరాయిడ్. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు మొదలైతే 6 మిల్లీగ్రాముల సూది, 12 గంటలకొకటి, మొత్తం నాలుగు. బిడ్డ ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి. పేద దేశాల్లో చేసిన పెద్ద పరీక్షలోనే నవజాత మరణాలు తగ్గాయి. ఏఎన్ఎం చెల్లెళ్లూ, ఈ సూది విషయంలో వెనకాడొద్దు. మొదటి డోసు వేసి, వేసిన టైము చీటీ మీద రాసి, బండి ఎక్కించండి.

బాధ ఎక్కడంటే, అవసరం లేని చోట వేయడం. తల్లి ఒంట్లోని కార్టిసాల్‌ను మాయలో ఉన్న ఒక ఎంజైము విరిచేస్తుంది, బిడ్డకు కొంచెమే చేరుతుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్‌ను అది విరవలేదు, నేరుగా పోతాయి. ఊపిరితిత్తులకు పనికొచ్చేది ఆ గుణమే, మెదడుకు తగిలేదీ ఆ గుణమే. ఫిన్లాండ్‌లో 6 లక్షల 70 వేల మంది పిల్లల రికార్డులు చూస్తే, ఈ సూది తగిలి తీరా నెలలు నిండాకే పుట్టిన పిల్లల్లో ప్రవర్తన, మానసిక సమస్యలు కొంచెం ఎక్కువగా కనపడ్డాయి. 34 వారాలు దాటాక వేస్తే పుట్టిన బిడ్డకు చక్కెర పడిపోవడం 24 శాతం, వేయనివాళ్లలో 15. తెలంగాణలో నూటికి 60 కాన్పులు కోతలే. ముహూర్తం చూసుకుని 37 వారాలకే కోత పెట్టి, దానికోసం ముందురోజు స్టెరాయిడ్ వేయడం అంటే, మనమే తొందర పెట్టి, ఆ తొందరకు మనమే మందు వేయడం. 39 వారాలు నిండనిస్తే ఆ సూది అక్కర్లేదు.

థైరాక్సిన్ చెప్తానన్నాను. అది ఒంట్లో ఉండే హార్మోన్‌కు అచ్చంగా అదే రూపం. లోటు ఉన్నచోట అంతే నింపుతాం. మొదటి మూడు నెలలు బిడ్డ మెదడుకు తల్లి థైరాయిడే ఆధారం. అంతకుముందే గోలీలు వాడుతున్న మనిషి గర్భం తెలిసిన రోజు నుంచి వారానికి ఏడు కాదు, తొమ్మిది గోలీలు వేసుకోవాలి, అంటే రెండు రోజులు రెండేసి. ఆ వారంలోనే డాక్టరుకు చూపించి టి.ఎస్.హెచ్. అనే థైరాయిడ్ రక్త పరీక్ష చేయించాలి. పరగడుపున, ఐరన్ గోలీకి, కాల్షియం గోలీకి నాలుగు గంటల దూరం. మన ఊళ్లలో పొద్దున్నే మూడూ ఒకేసారి మింగి, టి.ఎస్.హెచ్. ఎందుకు తగ్గట్లేదని అడుగుతారు. ఇన్సులిన్ మాయ దాటదు, దాని గురించి భయం వద్దు.

(సభలోంచి ఒక ఆశా కార్యకర్త: మేడం, బాయిలర్ కోళ్లకు హార్మోన్ సూదులేస్తరు, అందుకే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులైతున్నరంటరు. గర్భిణీలు తినొచ్చా?)

తినొచ్చమ్మా. అమెరికాలో ఒకప్పుడు కోళ్ల మెడ కింద డి.ఇ.ఎస్. బిళ్లలు పెట్టేవారు, 1959లో ఆపేశారు. ఇప్పటి బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు దాటేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. షాద్‌నగర్ వైపు షెడ్లలో పదివేల కోళ్లుంటాయి, ఒక్కొక్కదానికి సూది వేసుకుంటూ పోతే రైతుకు గిట్టుబాటు కాదు. కోడిని బాగా ఉడికించండి చాలు. గర్భిణికి గుడ్డు, మాంసం మాన్పించి, నూనె సూది మాత్రం వేయించడం తలకిందులు వ్యవహారం.

ఇగ మీరు చేయాల్సిన పని. గర్భిణి ఒంట్లోకి హార్మోన్ ఏది పోయినా తల్లీబిడ్డల కార్డు మీద ఐదు ముక్కలు రాయాలి: బ్రాండు కాదు, మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, నోటితోనా, సూదా, లోపల పెట్టుకునేదా, ఏ వారం నుంచి ఏ వారం దాకా, ఎందుకు. ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్నదైతే సీసానో, గోలీల అట్టనో పారేయొద్దని చెప్పి దాని ఫొటో తీయండి. సగం ఊళ్లలో "బలం సూది" అని మాత్రమే గుర్తుంటుంది. పాలమూరు నుంచి ముంబై, పుణె వలస పోయే కుటుంబాల్లో ఆరో నెల దాకా ఒక చోట, కాన్పు ఇంకో చోట. కార్డు అక్కడే పోతుంది. బయల్దేరే ముందు కార్డు రెండు వైపులా ఫొటో తీసి భర్త ఫోన్లో, తల్లిగారింటి ఫోన్లో పెట్టించండి. మందు వల్ల చెడు జరిగిందనిపిస్తే 1800-180-3024 నంబరుకు ఫోన్ చేసి చెప్పొచ్చు, పైసలు పడవు. రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు.

(ఇంకొకరు: నా బిడ్డ కడుపులున్నప్పుడు నాకు నెలల తరబడి నూనె సూదులేసిన్రు. ఇప్పుడు దానికి ఇరవై రెండేండ్లు. ఏమన్న పరీక్షలు చేయించాల్నా?)

ప్రత్యేకంగా ఏమీ వద్దమ్మా. ఏటా స్కానింగులు, రక్త పరీక్షలు చేయించి పిల్లను భయపెట్టకండి. నెల మధ్యలో రక్తం, భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం, ఆగని తెల్లబట్ట ఉంటే మాత్రం పెళ్లి కాలేదని, కొత్తగా పెళ్లైందని దాచకుండా చూపించాలి. 30 ఏళ్లు వచ్చాక అందరు ఆడవాళ్లలాగే గర్భసంచి మూతి పరీక్ష చేయించాలి. తనకు గర్భం వచ్చినప్పుడు మొదటిసారి చూపించుకునే రోజే డాక్టరుకు చెప్పాలి: మా అమ్మకు ఫలానా సూది, ఇన్ని వారాలు వేశారు అని. ఆ పాత చీటీలు ఇంట్లో ఎక్కడైనా ఉంటే ఈ వారం వెతకండి, దొరికితే పిల్ల ఫోన్లోకి ఎక్కించండి.